ఓబుళేశు పిడికిలి, రామసుబ్బమ్మ కత్తి

నందికొట్కూరు నుంచి కర్నూలు పోయే రోడ్డు పక్కన, ట్రాక్టర్ల రిపేరు షెడ్డు దాటాక, ఒక రేకుల కొట్టం ఉంటుంది. అందులో వీరభద్రాచారి ముప్పై నాలుగేళ్లుగా కత్తులు చేస్తున్నాడు. పాత లారీల ఉక్కు కమాన్ పట్టీలు తెచ్చి, కత్తికి కోసే భాగమైన అలుగు ఆయనే సాగగొడతాడు, పిడీ ఆయనే వేస్తాడు. అలుగు గురించి అడిగితే రెండు మాటల్లో తేల్చేస్తాడు. పిడి గురించి అడిగారా, అడిగినవాళ్ళు ఆ పూట పని మానుకోవాల్సిందే. "అలుగు ఎవడైనా కొడ్తాడప్పా. చేతికి కుదిరే పిడి ఎందరికొచ్చు?" అంటాడు. మనిషికి కాస్త గర్వం ఎక్కువ. ముప్పై నాలుగేళ్లు నిలబడిన ఆ గర్వం మొన్నటి అక్టోబరులో నాలుగు రోజుల్లో ఎట్లా దిగిపోయిందో చెప్పాలి.

ఆయన పనికి తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. కత్తి కావాలని వచ్చినవాడి చేతిలో తడిపిన పుట్టమన్ను ముద్ద పెట్టి పట్టుకోమంటాడు. పట్టుకున్నాక ఆ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి, పనిచేసేటప్పుడు ఎంత బిగిస్తారో అంత బిగిస్తాడు. ముద్ద మీద నాలుగు వేళ్ళ గుంటలు, బొటనవేలి గుంట పడతాయి. దాన్ని నీడన ఆరబెట్టి, సుద్దతో పేరు రాసి, గోడ గూళ్ళలో దాచుకుంటాడు. ఆ అచ్చు ముందు పెట్టుకుని తుమ్మకొయ్యను చెక్కుతాడు. చుట్టుపక్కల ఊళ్ళలో దీన్ని 'చెయ్యి ఇచ్చి రావడం' అంటారు. ఒకసారి చెయ్యి ఇచ్చినవాడు మళ్ళీ రానక్కర్లేదు, కబురంపితే చాలు. ఇప్పటికి ఆ గూళ్ళలో రెండు వందలకు పైగా పిడికిళ్ళు ఉన్నాయి. వాళ్ళలో కొందరు పోయారు కూడా. ఆచారి మాత్రం ఒక్క ముద్దనూ పారేయలేదు.

ఇక అడ్డు. పిడి అయిపోయి అలుగు మొదలయ్యే చోట అడ్డంగా నిలబడే చిన్న ఇనుప ముక్క అది. చూపుడువేలు దాని వెనక ఆనుకుంటుంది. చేతికి చెమట పట్టినా, ఉల్లిగడ్డ జిగురు అంటినా, చెయ్యి ముందుకు జారి అలుగు మీదికి పోకుండా ఆపేది అదే. సంతలో దొరికే ప్లాస్టిక్ పిడి కత్తులకు అది ఉండదు. ఆచారి కత్తికి ఉంటుంది. అందుకే ఆ పక్క ఉల్లి వేసే పది ఊళ్ళలో ఆచారి కత్తి తెలియని ఇల్లు లేదు. "ఇన్నేండ్లల్లో పిడి బాగలేదని ఒక్కడన్నా తిరిగొచ్చినాడా?" అని కనిపించిన ప్రతివాణ్ణీ అడిగేవాడు. నిజమే, ఒక్కడూ తిరిగి రాలేదు.

అక్టోబరులో ఒక పొద్దున్నే ఓబుళేశు వచ్చాడు. యాభై దాటినవాడు, నాపరాళ్ళ గనిలో బండలు ఎత్తిన మనిషి, చేతులు చేటలంత ఉంటాయి. అతని భార్య రామసుబ్బమ్మ ఉల్లిగడ్డ కోసే ఆడవాళ్ళ గుంపులో అందరికన్నా చురుకైంది. పీకిన ఉల్లిని చేలో కుప్పలు పోస్తారు. ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని, ఎడమచేత్తో గడ్డ పట్టుకుని కుడిచేత్తో కాడ, వేరు కోసి పారేస్తారు. పక్కవాళ్ళు ఒక సంచి నింపేలోపు రామసుబ్బమ్మ ఒకటిన్నర నింపేది. నలభై రోజుల కిందట అట్లా కోస్తుండగానే ఆమె కుడిచెయ్యి పిడి మీంచి జారి అలుగు మీదికి పోయింది. ఆ కత్తి ఆచారి చేసిందే.

ఓబుళేశు సంచిలోంచి ఆ కత్తినే తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆచారీ, దీనికి అడ్డు మళ్ళా పెట్టియ్యాల. కోడలు పనికి పోతాంది. ఈ పొద్దుకు సంత కత్తితో పంపిచ్చినా. నా చెయ్యి గూట్లో ఉండాది గదా, కావాలంటే సూసుకో."

"రామసుబ్బమ్మకు ఎట్లుండాది?" అన్నాడు వీరభద్ర.

"కుట్లు ఇప్పినారు. చూపుడువేలూ నడిమివేలూ ఇంక ముడుచుకోవంట. పెద్దాసుపత్రిలో చెప్పినారు. ఏసన్న మేస్త్రి గుంపులోంచి తీసేస్తినన్న్యాడు." ఓబుళేశు ఉమ్మేసి వచ్చి మళ్ళీ అందుకున్నాడు. "తప్పు దాందేలే. నువ్వు పెట్టిన అడ్డును ఆకురాయితో అరగదీసి పారేసింది. పెట్టింది పెట్టినట్ల ఉంచుకోనింటే చెయ్యి పోయేదా? ఊరంతా అదే అంటాండారు."

వీరభద్ర కత్తి తీసి చూశాడు. అడ్డు ఉండాల్సిన చోట నున్నగా ఉంది. ఎవరో ఓపిగ్గా, రోజుకింత చొప్పున అరగదీసినట్టుంది. ఉన్న మాట చెప్పాలంటే ఆయనకు మొదట కలిగింది జాలి కాదు, ఊరట. ఆ కబురు విన్నప్పటినుంచి నలభై రోజులుగా అన్నం సరిగా దిగలేదు ఆయనకు. నా పిడి వల్ల కాలేదు కదా అనుకున్నాడు. మనుషులం, అట్లాగే అనుకుంటాం.

"రేపు రా, పెట్టిస్తా" అన్నాడు.

ఓబుళేశు పోయాక గూట్లోంచి అతని ముద్ద తీశాడు. అరిగిన చోట కొత్త అడ్డు అతకాలంటే చూపుడువేలు ఎక్కడ ఆనుతుందో చూసుకోవాలి. ముద్దనూ పిడినీ పక్కపక్కన పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. ఆరేళ్ళ కిందట చేసిన పిడి, వెంట్రుకంత తేడా లేదు. అప్పుడు ఆయన కన్ను పిడి వెనక సగం మీద పడింది. అక్కడ లక్క మొన్న పూసినట్టే మెరుస్తోంది. ముందు సగం మాత్రం లక్క పోయి, కొయ్య నల్లబడి, బొటనవేలి చోట గుంత పడింది. ఆరేళ్ళు ఆ కత్తిని పట్టుకున్న చెయ్యి ఒక్కనాడూ పిడి వెనక సగాన్ని తాకలేదన్నమాట.

కుదిరిన పిడి చేతి నిండా అరుగుతుంది. అది ఆయనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. సగమే ఎందుకు అరిగింది?

"మ్మే, ఇట్ల రా" అని కేకేశాడు. కొట్టం వెనకే ఇల్లు. భార్య మహాదేవమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఇది పట్టుకో."

ఆమె పట్టుకుంది. బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్య రెండు వేళ్ళ సందు మిగిలిపోయింది. పిడి ఆమె గుప్పిట్లోకి రాలేదు. పట్టుకుని చూస్తుండగానే చెయ్యి దానంతటదే ముందుకు, అలుగు దగ్గరికి జరిగింది.

"వెనక్కు పట్టుకో."

"వెనక పట్టుకుంటే మొన కిందికి లాగుతాంది. ముందర పట్టుకుంటేనే మాట వింటాది."

"ముందర అడ్డు ఉంటాది గదా?"

"అడ్డు ఉంటే ఈడ ఒరుసుకుంటాది." ఆమె చూపుడువేలి పక్క ఎముక చూపించింది. అక్కడ చర్మం కాయ కట్టి పసుపు పచ్చగా ఉంది. "బొబ్బ లేస్తాది, పగుల్తాది, మళ్ళా లేస్తాది."

"నీకెట్ల తెలుసు?"

ఈ మాటకు మహాదేవమ్మకు ఒళ్ళు మండింది. "ఎట్ల తెలుసు అంటావా? పెండ్లయిన కాన్నుంచి నీ కత్తితోనే గదయ్యా వంకాయలు కోస్తాండేది! పిడి లావుండాదని ముందర పట్టుకుంటి. అడ్డు ఒరుసుకుంటాదని గుడ్డ చుట్టుకుంటి. ఏం జేసినావు? ఆచారి పెండ్లామే ఆచారి పిడికి గుడ్డ చుడితే నలుగురూ నగుతారని పీకి కొలిమిలో ఏసినావు. ఆ కత్తి ఎవరి చేతికి చేసినావు, చెప్పు. నీ చేతికే గదా!"

ఆయన కొలిమి వైపు చూశాడు. గుడ్డ సంగతి గుర్తుంది. ఎర్రంచు చీర పేలిక. కొలిమిలో వేసి, తాను ఏదో మర్యాద కాపాడినట్టు ఆ రోజంతా మీసం దువ్వుకున్నాడు. మహాదేవమ్మ కత్తిని బల్ల మీద పడేసి లోపలికి పోయింది.

వీరభద్ర గూళ్ళ ముందు నిలబడి సుద్దతో రాసిన పేర్లు చదివాడు. నరసింహ, నాగరాజ్, పెంచలయ్య, ఓబుళేశు, ఇంకో నరసింహ. గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చదివాడు. ఒక్క ఆడపేరు లేదు.

తండ్రి కాలంలో అది తప్పు కాదు. అప్పుడు కత్తి కొనేది పొట్టేళ్ళు కోసేవాళ్ళూ కంప కొట్టేవాళ్ళూ, కొన్నవాడే పట్టేవాడు. పైగా చెయ్యి తీసుకోవాలంటే ఎదుటివాళ్ళ వేళ్ళ మీద వేళ్ళు వేసి బిగించాలి. పరాయి ఆడదాని చెయ్యి పట్టుకుంటే బాగుంటుందా? అందుకని మగవాడే వచ్చి చెయ్యి ఇచ్చిపోవడం అలవాటైంది. తర్వాత ఈ పక్క ఉల్లి సాగు పెరిగింది. కత్తులు ఆడవాళ్ళ చేతుల్లోకి పోయాయి. చెయ్యి ఇవ్వడానికి మాత్రం మొగుళ్ళే వస్తూ పోయారు. తిరిగి వచ్చి పిడి బాగలేదని చెప్పాల్సింది కూడా వాళ్ళే. వాళ్ళ చేతికి బాగానే ఉంది మరి, ఎందుకు వస్తారు?

ఓబుళేశు ముద్దనూ ఆ కత్తినీ, ఇంత పుట్టమన్నునూ సంచిలో వేసుకుని, టీవీఎస్ బండి తీసి నేరుగా చేనికి పోయాడు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు మూడు కుప్పల చుట్టూ కూర్చుని కోస్తున్నారు. ఏసన్న మేస్త్రి గట్టు మీద నిలబడి, రామసుబ్బమ్మ కోడలు శిల్పను కసురుతున్నాడు. ఆ పిల్ల సంత కత్తితో తడబడుతోంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. అరచేతికి తువ్వాలు ముక్క చుట్టుకుంది.

"ఒకపారి మీ కత్తులు సూడాల" అన్నాడు వీరభద్ర.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొంగతనం బయటపడ్డట్టు కొందరు కత్తులు కొంగు కింద పెట్టుకున్నారు. బతిమాలితే ఒక్కొక్కటే ఇచ్చారు. శిల్పది తప్ప అన్నీ ఆయన చేసినవే. ఒక పిడిని రాయి మీద గీకి సన్నం చేసుకున్నారు. ఒకదానికి సైకిలు ట్యూబు చుట్టారు. ఒకదాని వెనక సగం రంపంతో కోసేశారు. తొమ్మిదింటికి అడ్డు లేదు. మిగతావాటికి అడ్డు మీద గుడ్డ ఉంది, ఆ గుడ్డ ఉల్లి జిగురుతో నానిపోయి ఉంది. ఆయన చెక్కింది చెక్కినట్టుగా ఒక్క కత్తీ మిగల్లేదు.

"నాకు ఒక మాట చెప్పకూడదామ్మా?" అన్నాడు.

ముసలామె ఒకతె తలెత్తకుండానే జవాబిచ్చింది. "చెప్పినాం నాయనా, ఇంట్లో మొగోళ్ళకు చెప్పినాం. ఆచారి చేసింది తప్పు కాదు, నీ చెయ్యే సరిలేదు పోమ్మన్న్యారు. నీకాడికొచ్చి నీ పని బాగలేదని మేమెట్ల అంటాం?"

ఏసన్న నవ్వాడు. "ఈళ్ళకు చేతనయ్యేది ఇదే ఆచారీ. మంచి కత్తి ఇస్తే చెడగొట్టుకుంటారు. రామసుబ్బమ్మకు అయింది సూసినా బుద్ధి రాలే."

వీరభద్ర కత్తులు తిరిగిచ్చేసి బండెక్కాడు. ఆ నవ్వు ఊరిదాకా ఆయన వెంటే వచ్చింది. తాను ఇన్నేళ్ళలో ఆడవాళ్ళను చూసి ఎన్నిసార్లు అట్లా నవ్వాడో గుర్తు చేసుకోవాలంటే భయం వేసింది.

రామసుబ్బమ్మ ఇంటి ముందు నాపరాళ్ళ అరుగు మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. రెండు వేళ్ళు కట్టెపుల్లల్లా నిటారుగా ఉన్నాయి. ఆచారిని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుని, మొదట అన్న మాట ఇది: "తప్పయిపాయన్నా. నీ అడ్డు అరగదీసినా."

ఆయనకు తల తీసేసినట్టయింది. చెయ్యి పోగొట్టుకున్న మనిషి తనకు క్షమాపణ చెబుతోంది. నలభై రోజులుగా మొగుడూ మేస్త్రీ ఊరూ కలిసి ఆమెకు ఆ మాట అంతగా నూరిపోశారు.

ఓబుళేశు లోపల్నుంచి వచ్చాడు. పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు చేరారు.

"తప్పు నీది కాదమ్మా" అన్నాడు వీరభద్ర, అందరికీ వినపడేటట్టు. "నాది. ఆ పిడి నీ చేతికి చేసింది కాదు. పిడి పెద్దదైనందుకే నువ్వు ముందరికి పట్టుకుంటివి. ముందరికి పట్టుకున్నందుకే అడ్డు ఒరుసుకున్న్యాది. నువ్వు అరగదీసిందాన్ని అందరూ సూసినారు. అరగదీసేటట్ల చేసింది నేను."

"ఏమప్పా ఆచారీ, నీకేం పట్టింది?" ఓబుళేశు తేలిగ్గా నవ్వేశాడు. "నువ్వు అడ్డు పెట్టియ్యనే పెట్టిస్తివి. నీ పనికి ఎవరన్నా వంక పెట్టినారా? పోయి నీ పని సూసుకో."

ఆ మాట పట్టుకుని ఇంటికి పోవచ్చు. పేరు పేరుగానే ఉంటుంది. పది ఊళ్ళలో ఎవరూ ఒక్క మాట అనరు. వీరభద్రకు ఆ దారి కనపడింది, ఒక క్షణం కాళ్ళు అటే లాగాయి కూడా. తర్వాత సంచిలోంచి పుట్టమన్ను తీసి, బిందె నీళ్ళతో కలిపి ముద్ద చేశాడు.

"కుడిది ముడుచుకోదు గదా, ఎడమచెయ్యి ఒకపారి ఇయ్యమ్మా."

ఓబుళేశు నవ్వు ఆగిపోయింది. "నా ఇంటి ముందర నా పెండ్లాం చెయ్యి పట్టుకుంటావా?"

"ముట్టుకోను. ఈ బండ మీద పెడ్తాండా. ఆమెనే పట్టుకోని పిసకమను."

ముద్ద అరుగు మీద పెట్టి మూడడుగులు వెనక్కి జరిగాడు. రామసుబ్బమ్మ మొగుడి వైపు చూసింది, ముద్ద వైపు చూసింది. ఎడమచేత్తో పట్టుకుని బిగించింది. గుంటలు చక్కగా పడ్డాయి. అంతే, అంతకంటే ఏమీ లేదు. ముట్టుకోవాల్సిన పనే లేదు. ముప్పై నాలుగేళ్లుగా ఈ ఒక్క ఉపాయం తట్టలేదే అని ఆయన అక్కడే నిలబడి తనను తాను తిట్టుకున్నాడు. తట్టకపోయింది తెలివి తక్కువై కాదు, ఎవరూ అడగక, తానూ అడగాలనుకోక.

ఓబుళేశు ముద్ద కూడా ఆయన తెచ్చాడు. రెంటినీ బండ మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి చెంబంత ఉంది, ఒకటి నడుముకు దోపుకునే వక్కాకు సంచి అంత ఉంది. వాటి పక్కన ఆ కత్తి పెట్టాడు. పక్కింటివాళ్ళు వంగి చూశారు. ఎవరూ నవ్వలేదు. ఓబుళేశు తన ముద్దను ఎత్తి, భార్య ముద్దను ఎత్తి, మళ్ళీ పెట్టేసి పెరట్లోకి పోయాడు. చాలాసేపు తిరిగి రాలేదు.

మూడు రోజులు వీరభద్ర వేరే పని ముట్టలేదు. ఎడమచేతి గుంటలను అద్దంలో చూసినట్టు తిప్పుకుని, మిగిలిన వేళ్ళతోనైనా మళ్ళీ కోస్తుందేమోనన్న ఆశతో కుడిచేతికి పిడి చెక్కాడు. సన్నగా, పొట్టిగా, గుప్పిట మూసుకునేటట్టు. అడ్డును పలచగా కొట్టి, అంచులు గుండ్రం చేసి, వేలు ఒరుసుకోకుండా నున్నగా సానబట్టాడు. వెనక కొసలో చిటికెన వేలు పట్టు దొరికేటట్టు కొంచెం ఉబ్బు ఉంచాడు. మహాదేవమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, ఏమీ అనకుండా ఇచ్చేసింది. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు.

నాలుగో రోజు పొద్దున, శిల్ప పనికి బయల్దేరకముందే, కత్తి తీసుకుని పోయాడు. రామసుబ్బమ్మ ముందు గంపెడు ఉల్లిగడ్డలు పెట్టారు. ఆమె కత్తి పట్టుకుంది. బొటనవేలు దాని చోట కూర్చుంది. చివరి రెండు వేళ్ళు పిడిని చుట్టుకున్నాయి. చూపుడువేలూ నడిమివేలూ ముందుకు చాచుకునే ఉన్నాయి. అడ్డు వెనక వేలికోసం చేసిన చోటు ఖాళీగా మిగిలింది.

మొదటి గడ్డ కోసింది. రెండోదీ కోసింది. నాలుగో గడ్డకు కత్తి చేతిలో తిరిగి ఒళ్ళో పడింది. తీసుకుని మళ్ళీ కోసింది, మళ్ళీ పడింది. మూడోసారి పడ్డప్పుడు తీయలేదు. ఎడమచేత్తో పిడిని ఊరికే పట్టుకుని చూసింది. గుప్పిట నిండుగా మూసుకుంది.

"ఇట్లాంటిది ముందరే చేసింటే, అన్నా?"

ఆమె బొటనవేలితో అడ్డును తడిమింది.

"ఇది అరగదీసేదాన్ని కాదు" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, ఆయన ఇంటికి పోయి నిద్రపోయేవాడు.

పక్కన నిలబడ్డ శిల్ప ఆ కత్తి కోసం చెయ్యి చాపింది. పనికి పొద్దుపోతోంది మరి. రామసుబ్బమ్మ కత్తిని వెనక్కి లాక్కుంది. "ఇది నా చెయ్యి. ఇది నీకొద్దు. నీ చెయ్యి నువ్వు ఇయ్యి." వీరభద్ర వైపు తిరిగి, "మన్ను తెచ్చినావా అన్నా?" అంది.

తెచ్చాడు. తడిపి, ముద్ద చేసి, బండ మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఓబుళేశు వాకిట్లోనే ఉన్నాడు, అడ్డం చెప్పలేదు. శిల్ప సిగ్గుపడుతూ ముద్దను పట్టీపట్టనట్టు పట్టుకుంది.

"అట్ల కాదు. కోసేటప్పుడు ఎంత బిగిస్తావో అంత." రామసుబ్బమ్మ తన కుడిచేతిని కోడలి వేళ్ళ మీద వేసి అదిమింది. తీసి చూస్తే చివరి రెండు వేళ్ళ గుంటలు లోతుగా పడ్డాయి. ముందు రెండు వేళ్ళవీ పైపైనే ఉన్నాయి, అక్కడ అదిమాల్సిన ఆమె వేళ్ళు ముడుచుకోవు. ఆ ముద్దతో పిడి చేస్తే చూపుడువేలి దగ్గరే తప్పు వస్తుంది. ఆచారికి తెలుసు.

ఆయన మొహం చూసి రామసుబ్బమ్మే గ్రహించింది. "ముందరివి పడలే గదా" అని, ఎడమచేతిని తెచ్చి, కోడలి చూపుడువేలినీ నడిమివేలినీ మన్నులోకి గట్టిగా అదిమింది. శిల్ప అబ్బా అనేదాకా వదల్లేదు.

"ఇప్పుడు సూడన్నా. సరిపోతాదా?"

సరిపోతుందన్నట్టు వీరభద్ర తల ఊపాడు. ముద్దను రెండు చేతులతో ఎత్తి గోనెపట్టలో పెట్టుకుని, ఆరాక పేరు రాయడానికి సుద్ద ఉందా అని జేబు తడుముకున్నాడు.